కదలని కెమెరా

మా అన్నకు పక్కచూపు పోతోందని డాక్టరు చెప్పడానికి ఎనిమిది నెలల ముందే నాకు తెలుసు. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. అమ్మకు చెప్పలేదు, నాయనకు చెప్పలేదు, ఆఖరికి డైరీలో కూడా తిన్నగా రాసుకోలేదు. రాసిన చోటల్లా "అతను" అని రాసి, ఏదో చదివిన కథలో మనిషి గురించి అన్నట్టు దాటేశాను. నాకు తెలిసింది ఏ ఆసుపత్రిలోనో కాదు. ఒక పాత వీడియో గేమ్ దగ్గర.

కర్నూల్లో మాది నూనె, బెల్లం అమ్మే అంగడి. కింద అంగడి, పైన ఇల్లు. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా అన్న ఇంటర్ పాసయ్యాడని నాయన కంప్యూటరు కొనిచ్చాడు. బల్ల సగం ఆక్రమించే మానిటరు, నొక్కితే టకటకమనే కీబోర్డు. ఆ ఎండాకాలం అన్న ఎవరి దగ్గరో ఒక గేమ్ సీడీ తెచ్చాడు. అట్ట మీద జెరాక్సు తీసిన బొమ్మ, నలుపు తప్ప ఏమీ తెలియని బొమ్మ. నడిసముద్రంలో ఆగిపోయిన ఓడ. అందులోకి లాంతరు పట్టుకుని ఒక కాపలావాడు వెళ్తాడు, తప్పిపోయిన మనుషుల్ని వెతకడానికి. ఓడలో వాడు కాక ఇంకొకటి ఉంటుంది. నేలను అంటుకుని, చప్పుడు లేకుండా పాకుతూ వస్తుంది. మేమిద్దరం దాన్ని నల్లది అనేవాళ్లం.

అలాంటి గేమ్ ఆడనివాళ్లకు కొంచెం చెప్పాలి. అందులో ప్రతి గదికీ కెమెరా ఒకచోట బిగించి ఉంటుంది. ఒక గదిని పైకప్పు మూల నుంచి చూస్తాం, ఇంకోదాన్ని మెట్ల కింద నుంచి. దాన్ని మనం తిప్పలేం. మనిషి నడిచి అంచుకు చేరగానే బొమ్మ మారిపోయి ఇంకో మూల నుంచి కనబడుతుంది. అంతవరకు మనకు ఎదురుగా వస్తున్నవాడు ఒక్కసారిగా వీపు చూపిస్తాడు. మీటలు కూడా అంతే. పైబాణం నొక్కితే పైకి పోడు, వాడి మొహం ఎటుంటే అటు నడుస్తాడు. కుడి బాణం నొక్కితే కుడికి పోడు, నిలబడ్డ చోటే తన కుడికి తిరుగుతాడు. పెద్ద ఓడను సందులో తిప్పినంత పని.

అన్న వేళ్లు మాత్రం రెండు వారాల్లో దానికి లొంగిపోయాయి. ఎక్కాలు అప్పజెప్పినట్టు ఆడేవాడు. ఒక చేత్తో ఉగ్గాని తింటూ ఇంకో చేత్తో కాపలావాణ్ణి నడిపించేవాడు. నేను వెనక మంచం మీద కూర్చునేదాన్ని. మీటలు నేనెప్పుడూ ముట్టుకోలేదు, ముట్టుకోవాలని కూడా అనిపించలేదు. నా పని వేరే. ఓడలో దొరికే ఉత్తరాలన్నీ ఇంగ్లీషులో ఉండేవి. డిక్షనరీ ఒళ్లో పెట్టుకుని వాటికి అర్థం చెప్పేదాన్ని. గదుల పటం నోటుబుక్కులో గీసేదాన్ని. "తొమ్మిదో గది. కెమెరా మెట్ల వెనక. నల్లది ఎడమ అంచు నుంచి. తలుపు తీశాక పది లెక్కపెట్టాలి." ఇలా ముప్పైకి పైగా గదులు రాశాను. బయట ఎవరితోనూ నాలుగు మాటలు మాట్లాడలేని నాకు ఆ ఓడలో ఒక ఉద్యోగం దొరికింది.

ఆఖరి గది, ఇంజన్ల గది, అన్న దాటలేకపోయాడు. వానాకాలం మొదలయ్యేసరికి కంప్యూటరు చెడిపోయింది, కాలేజీలు తెరిచారు, గేమ్ అక్కడే ఆగిపోయింది.

ఏడేళ్లు గడిచాయి. అన్న డిగ్రీ అయ్యాక అంగట్లో నాయనకు తోడయ్యాడు. పాత వ్యాన్ ఒకటి కొన్నారు. గురువారం గురువారం దాంట్లో నూనె డబ్బాలు వేసుకుని నందికొట్కూరు వైపు అంగళ్లకు దింపి వచ్చేవాడు. అన్నకు ఆ వ్యాన్ అంటే ప్రాణం. అంగట్లో గల్లా దగ్గర కూర్చుంటే నాయన కొడుకు, వ్యాన్ ఎక్కితే తనే యజమాని. నేను డిగ్రీ పూర్తి చేసి, బి.ఇడి. పరీక్షకు చదువుతున్నానన్న పేరుతో లైబ్రరీ పుస్తకాలు చదువుకుంటూ ఇంట్లో ఉన్నాను. కొత్త కంప్యూటరు వచ్చింది. కొత్త గేమ్‌లు వచ్చాయి. వాటిలో మౌస్ కదిపితే చాలు, చూపు ఎటు కావాలంటే అటు తిరుగుతుంది. ఆకాశం చూడొచ్చు, వెనక్కి చూడొచ్చు, గోడ పక్కన ఎవరున్నారో తొంగి చూడొచ్చు. అన్న వాటిని బాగానే ఆడేవాడు. మౌస్ ఎడాపెడా తిప్పుతూనే ఉండేవాడు, ఒక్క క్షణం నిలిపేవాడు కాదు. చూస్తే నాకు కళ్లు తిరిగేవి.

అలాంటి ఒక వేసవి మధ్యాహ్నం, బీరువా సర్దుతుంటే ఆ ఓడ సీడీ దొరికింది.

మొదటి రోజు నవ్వుకున్నాం. మనిషి మొహం సబ్బుపెట్టెలా ఉంది, లాంతరు వెలుగు మెట్లు మెట్లుగా ఉంది. ఒకప్పుడు మమ్మల్ని మంచినీళ్లకు కూడా లేవనివ్వని ఓడ ఇదేనా అనిపించింది. అన్న వేళ్లు ఈలోగా కొత్త పద్ధతికి మారిపోయాయి. కుడికి పోవాలని కుడి బాణం నొక్కుతాడు, కాపలావాడు గిర్రున తిరుగుతాడు. బొమ్మ మారగానే తికమకపడి వచ్చిన తలుపులోంచే మళ్లీ బయటికి నడుస్తాడు. కెమెరా తిప్పుదామని చెయ్యి ఉత్తినే మౌస్ మీదికి పోతుంది. అది ఆ గేమ్‌లో దేనికీ పనికిరాదు.

"ఇదెట్ల ఆడినానే నేను? వీడికి ఒగటి చెప్తే ఇంగొగటి చేస్తాండాడు," అన్నాడు.

రెండు రోజులకు వేళ్లకు పాత సంగతి గుర్తొచ్చింది. నడక కుదిరింది. నవ్వడం మానేశాం, ఎందుకంటే భయం కూడా మెల్లగా తిరిగి వచ్చింది. కొత్త గేమ్‌లలో అనుమానం వచ్చిన వైపు చూసుకోవచ్చు, చూశాక అనుమానం తీరిపోతుంది. ఇక్కడ తీరదు. కెమెరా తన మూలలోంచి చూపించినంతే. వచ్చేది ఏదైనా చట్రం బయట నిలబడి మన కోసం ఎదురుచూస్తున్నట్టే ఉంటుంది. బొమ్మలు ఎంత పాతబడినా ఆ ఒక్కటి పాతబడలేదని ఆ రోజు డైరీలో రాసుకున్నాను.

మూడో రోజు తొమ్మిదో గది వచ్చింది. నా ఒళ్లో పాత నోటుబుక్కు ఉంది. తలుపు తీశాక పది లెక్కపెట్టి ఎడమ అంచు చూశాను. నల్లది వచ్చింది. అన్న ముందుకే నడుస్తున్నాడు. అది అడుగు వచ్చింది, రెండడుగులు వచ్చింది, తెర మధ్యకు దగ్గరైంది. అప్పుడు అన్న ఉలిక్కిపడ్డాడు. అప్పటికే ఆలస్యమైంది.

"ఈ దరిద్రపు కెమెరా ఏమీ చూపించదు," అని బల్ల మీద గుద్దాడు.

కెమెరా చూపించింది. నేను వెనక మంచం మీది నుంచి చూశాను, అంత దూరానికి తెర మొత్తం అరచేతంతే. అన్న తెరకు జానెడు దూరంలో కూర్చుని ఉన్నాడు. మళ్లీ ఆడాడు, మళ్లీ అంతే. కుడి నుంచి వచ్చే గదిలోనూ అంతే. ప్రతిసారీ అన్న కెమెరాను తిట్టాడు, మీటల్ని తిట్టాడు, ఆ కాలంలో ఇలాంటివి చేసినవాళ్లను తిట్టాడు. నేను నోటుబుక్కులో ఏడేళ్ల కిందటి నా అక్షరాలు చూస్తున్నాను. తొమ్మిదో గది కింద చిన్నగా రాసి ఉంది: "అన్న చూడకుండానే తప్పుకున్నాడు. ఎట్లా తెలిసిందంటే, కంటి కొనకు తెలుస్తుందిలే అన్నాడు."

అప్పుడు కొత్త గేమ్‌లలో ఆ మౌస్ ఎందుకు అంతలా తిప్పుతాడో అర్థమైంది. ప్రతిదాన్నీ తెర మధ్యకు తెచ్చుకుని చూస్తున్నాడు. కదిలే కెమెరా అతని లోపాన్ని దాచిపెట్టింది. కదలని కెమెరా దాచలేకపోయింది. ఆ రోజు గురువారం కాదు. గురువారానికి ఇంకా రెండు రోజులుంది. నాకు వెంటనే గుర్తొచ్చింది అదే.

ఆ తర్వాత నేను చేసిన పని మంచిది కాదు. అన్నం వడ్డించేటప్పుడు నీళ్ల గ్లాసు రోజుకు కొంచెం చొప్పున కంచానికి దూరంగా, ఎడమకు జరుపుతూ పోయాను. నాలుగో రోజు గ్లాసు మోచేతికి జానెడు దూరంలో ఉంది. అన్న తింటూ తింటూ, "పాపా, నీళ్లు యాడ పెట్టినావు?" అన్నాడు. నేను గ్లాసు తీసి చేతికిచ్చి వంటింట్లోకి వెళ్లిపోయాను.

పొద్దు వాలితే వరండాలో మంచం కోడుకు తగులుకునేవాడు. అమ్మకు అది నవ్వులాటగా ఉండేది. "ఒకడు ఎద్దు మాదిరి తగులుకోని పోతాడు, ఇంగొకతె పుస్తకంలో మొహం పెట్టి గడప చూడదు. మంచి సంతానం పుట్టినారు నాకు," అనేది. అన్న నవ్వేవాడు. నేనూ నవ్వేదాన్ని. మా నాయనమ్మ నలభై దాటాక గోడ పట్టుకునే నడిచేదట. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. వంటింటి నుంచి వరండా దాకా ఆమె చెయ్యి రాసుకున్న జిడ్డు గీత నా చిన్నప్పుడు నేనే చూశాను. పొయ్యి పొగకు కళ్లు పోయాయని చెప్పుకునేవారు. పొగ కాదేమోనని ఎవరూ అనలేదు.

అన్నకు తెలియదనుకున్నాను. తెలుసు. వారం తర్వాత, ఇంజన్ల గది ముందు ఆగి, వెనక్కి తిరగకుండానే అన్నాడు:

"ఆ పుస్తకంలో రాసి పెట్టుకున్నావు కదా. ఎట్నుంచి వస్తాదో నువ్వు చెప్పు. నేను నడిపిస్తా."

నేను చెప్పాను. ఇంజన్ల గది నోటుబుక్కులో సగమే ఉంది, మిగతా సగం పదిసార్లు ఓడిపోయి నేర్చుకున్నాం. "ఎడమ. ఇప్పుడు కుడి. ఆగు. ఎడమ." సాయంత్రం నాలుగింటికి ఆ గది దాటాం. ఓడ మునిగిపోయింది, కాపలావాడు పడవలో బయటపడ్డాడు, పేర్లు పైకి పోసాగాయి. ఏడేళ్లు ఆగిన ఆట అయిపోతే ఎగిరి గంతేయాల్సినవాడు ఆ పేర్ల వంక చూస్తూ ఊరికే కూర్చున్నాడు.

"గురువారం నాతో వ్యాన్‌లో రా," అన్నాడు.

నేను నోటుబుక్కు మూసి అతని వంక చూశాను.

"ఏమీ ల్యా. ఎడమ పక్కనుంచి ఏమన్నా వస్తే చెప్పు, అంతే. ఇప్పుడు చెప్పినట్టే."

"నాయనకు చెబుదామన్నా."

"చెప్తే ఏమైతాదో నీకు తెలుసు. నాయనమ్మ మాదిరి గోడ పట్టుకోని తిరగల్ల నేను. ఇంగా ఇరవయ్యైదేండ్లే నాకు."

ఆ మాట అంటున్నప్పుడు అతని మొహం నావైపే తిరిగి ఉంది. నేను కాదనలేకపోయాను. నందికొట్కూరు లైబ్రరీలో పుస్తకాలు తెచ్చుకుంటానని అమ్మకు చెప్పి, గురువారం వ్యాన్ ముందు సీట్లో ఎడమవైపు కూర్చున్నాను.

అలా ఎనిమిది నెలలు. దారి నాకు గది తర్వాత గదిగా కంఠతా వచ్చింది. ఏ మలుపులో గొర్రెలు దాటుతాయో, ఏ బడి ఎన్నింటికి వదులుతారో, ఏ సందులోంచి ట్రాక్టర్లు వస్తాయో డైరీలో రాసుకున్నాను. "ఎడమ పక్క ఆటో." "ఎడమ పక్క పిల్లోళ్లు." నా గొంతు లేవదు. "గట్టిగా చెప్పు పాపా, చీమకు చెప్పినట్టు చెప్తాండావు," అని అన్న వేళాకోళం చేసేవాడు. నందికొట్కూరులో ఒక అంగడాయన మమ్మల్ని చూసి, "ఏమప్పా, చెల్లెల్ని క్లీనరుగా పెట్టుకున్నావే," అన్నాడు. "జీతం లేని క్లీనరు మామా," అన్నాడు అన్న. ఇద్దరూ నవ్వారు. చీకటి పడకముందే ఇల్లు చేరాలని మూడింటికే బయల్దేరేవాళ్లం. ఒక్కో వారం ఏమీ కాకుండా గడిచేకొద్దీ నాకు ధైర్యం రాలేదు. ఇంకో వారం మిగిలిందనే అనిపించేది. నిద్రలో కూడా కెమెరా మారేది. రోడ్డు ఎదురుగా వస్తూ వస్తూ ఒక్కసారిగా వెనక నుంచి కనబడేది.

ఎనిమిదో నెలలో ఒక గురువారం ఒక డబ్బా కారి, అంతా తుడిచి మళ్లీ ఎక్కించేసరికి బయల్దేరడం ఆలస్యమైంది. ఐదు దాటింది. రెండు వైపులా జొన్న చేలు, రోడ్డు మీద పడిన వాటి నీడలు. అన్న మెల్లగానే పోతున్నాడు. నేను రోడ్డునే చూస్తున్నాను. ఈ ఒక్క మాట మీద నేను ప్రమాణం చేయగలను. పుస్తకం తెరవలేదు, కునుకు తీయలేదు. రోడ్డునే చూస్తున్నాను.

వ్యాన్‌కు ఎడమవైపు ఏదో తగిలింది. ఆ తర్వాత క్యాన్లు దొర్లిన చప్పుడు.

చేలల్లోంచి వచ్చే బండిదారిలో ఒక పాలాయన సైకిలు మీద రోడ్డెక్కాడు. సైకిలు గుంతలో పడి ఉంది, పాలు మట్టిలోకి ఇంకుతున్నాయి, ఆయన కాలు వంగకూడని పక్కకు వంగి ఉంది. అన్న ఆయన్ని ఎత్తి డబ్బాల మధ్య పడుకోబెట్టాడు. నా ఒళ్లో ఆయన తల పెట్టుకుని కర్నూలు దాకా వచ్చాను. అన్న దారిలో ఒక్కసారే మాట్లాడాడు.

"ఎందుకు చెప్పల్యా పాపా?"

నేను జవాబు చెప్పేలోగా, పళ్లు బిగబట్టుకుని ఉన్న పాలాయన నా వంక చూసి అన్నాడు: "నేను గంట కొట్టినా. ఈ పాప నా తట్టే చూస్తాండాది. చూసింది లే, బండి నిలుపుతారు లే అనుకోని వస్తి."

ఆ మాటకు అన్న ఏమనుకున్నాడో నాకు తెలియదు. నేను దాన్ని పాలాయన నొప్పిలో అనేసిన మాటగా తీసుకున్నాను.

ఆయన కాలికి రాడ్డు వేశారు. నాలుగు నెలలు మంచం మీద ఉండాలన్నారు. ఆసుపత్రి వరండాలో అన్న తనే నాయనకు చెప్పేశాడు, పక్కలు కనబడటం లేదని, ఏడాది పైనుంచీ లేదని. నా సంగతి చెప్పలేదు. చెల్లెలు లైబ్రరీకని వచ్చింది, పాపం దానికేమీ తెలియదన్నాడు. నాయన చెయ్యెత్తి మళ్లీ దించేశాడు. వ్యాన్ తాళం తీసి జేబులో వేసుకుని, పాలాయన భార్య కూర్చున్న బెంచీ దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. నేను అప్పుడైనా నోరు విప్పాల్సింది. విప్పలేదు.

మరుసటి వారం కంటి ఆసుపత్రికి వెళ్లాం. డాక్టరు అన్న కళ్లలోకి చాలాసేపు వెలుగు వేసి చూశాడు. కంటి వెనక పొర అంచుల నుంచి లోపలికి ఎండిపోతూ వస్తోందన్నాడు. మీవాళ్లలో ఇంకెవరికైనా ఉందా అని అడిగితే నాయన తన తల్లి గురించి చెప్పాడు. భార్యాభర్తలకు దగ్గరి చుట్టరికమా అన్నాడు. అమ్మ మా నాయనకు సొంత అక్క కూతురు. మా ఇళ్లలో అది అడగాల్సినంత విషయం కాదు, సంబంధం బయటికి పోతేనే ఎందుకని అడుగుతారు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మందు లేదని, బండి ఇక ముట్టకూడదని డాక్టరు అన్నకు చెప్పాడు. తర్వాత తలుపు పక్కన నిలబడ్డ నన్ను చూసి, ఎలాగూ వచ్చింది కదా, ఈ అమ్మాయికి కూడా ఒకసారి చూద్దామన్నాడు. అలవాటుగా అన్నట్టే అన్నాడు.

చీకటి గదిలో ఒక నర్సమ్మ నన్ను తెల్లటి గిన్నె లాంటి మెషిను ముందు కూర్చోబెట్టింది. గడ్డం ఆనించమంది, ఒక కన్ను మూసి కట్టు కట్టింది, చేతికి ఒక మీట ఇచ్చింది. నడిమధ్యలో ఉన్న చుక్కనే చూడాలి, కన్ను తిప్పకూడదు. చుట్టూ ఎక్కడ వెలుగు కనబడినా మీట నొక్కాలి.

మొదలైంది. ఒకటి కనబడింది, నొక్కాను. ఇంకొకటి, నొక్కాను. తప్పు చేయకూడదని ఊపిరి బిగబట్టుకుని చూస్తున్నాను. తర్వాత చాలాసేపు ఏమీ రాలేదు. చుక్క దగ్గరగా మళ్లీ ఒకటి వెలిగింది, నొక్కాను. మళ్లీ చీకటి. తర్వాతిది ఇంకా రావాలి కాబోలని బొటనవేలు మీట మీదే ఉంచి ఎదురుచూశాను. పక్కగది నుంచి అన్న దగ్గు వినిపించింది. మెషిను సన్నగా చప్పుడు చేస్తూనే ఉంది.

నర్సమ్మ కుర్చీ జరిపి నా దగ్గరికి వచ్చింది. నా భుజం మీద చెయ్యి వేసి, నెమ్మదిగా అంది:

"నడిమధ్యలో వచ్చేవాటికే నొక్కుతాండావు పాపా. పక్కల శానా వచ్చి పోయినాయి. ఒక్కదానికీ నొక్కల్యా."